అడిగేవాళ్ళూ చెప్పేవాళ్ళూ: మన ఊళ్ళ మీద జరిగిన పరిశోధనల చరిత్ర



మన వార్షిక నివేదికలో ఏటా పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, రికవరీ ఎంత అనే లెక్కలు ఉంటాయి. వాటి పక్కన ఈసారి ఇంకో సంగతి రాయాలనిపించింది. మనల్ని అడగడానికి వచ్చేవాళ్ళ సంగతి. ఏడాదిలో ఎన్నిసార్లు మన గడపల్లోకి సర్వేలు వస్తున్నాయో మీకు తెలుసు. ఒకరు ట్యాబు పట్టుకొని వస్తారు, ఒకరు కాగితాలు పట్టుకొని వస్తారు, ఒకరు ఫోన్లోనే అడుగుతారు. ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు, పిల్లలు ఏం చదువుతున్నారు, వంట దేని మీద చేస్తారు, ఇంట్లో మాట ఎవరిది చెల్లుతుంది అని అడుగుతారు. మనవాళ్ళు రెండు రకాలుగా జవాబు చెప్తున్నారు. "మా లెక్కలు మీకెందుకమ్మా, రేపు పింఛను తీసేస్తారా ఏంది?" అని ఉన్నది తగ్గించి చెప్పేవాళ్ళు కొందరు. ఏదైనా లోను వస్తుందేమోనని లేనిది కలిపి చెప్పేవాళ్ళు కొందరు. రెండూ నిజం కాదు. రెండింటి వల్లా చివరికి నష్టపోయేది మనమే. ఎందుకో తెలియాలంటే ఈ అడగడం ఎప్పటి నుంచి ఉంది, దాని వల్ల ఊళ్ళకు ఏం జరిగింది అనేది తెలియాలి. నేను చదివి, తెలిసినవాళ్ళను అడిగి తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

మనుషులు ఎట్లా బతుకుతున్నారు, ఎట్లా ఖర్చు పెడుతున్నారు, ఎందుకు అప్పు చేస్తున్నారు, ఎవరి మాట వింటున్నారు అని పద్ధతి ప్రకారం అడిగి, రాసి, లెక్కగట్టే చదువును సామాజిక శాస్త్రం అంటారు. మట్టి పరీక్షకు మట్టి తీసుకెళ్ళినట్టు, వీళ్ళు మన మాట తీసుకెళ్తారు. తేడా ఏంటంటే మట్టి అబద్ధం చెప్పదు, భయపడదు. మనిషి భయపడతాడు.

అప్పుల లెక్క మొదట తేలింది ఇట్లా

మన గుంటూరు సీమలో ఈ పని మొదలుపెట్టిన వాళ్ళలో ఆచార్య ఎన్.జి. రంగా గారు ఒకరు. ఆయనను రైతు నాయకుడిగా, పార్లమెంటు సభ్యుడిగా అందరికీ తెలుసు. నిడుబ్రోలులో 1900లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్థికశాస్త్రం చదువుకొని వచ్చి, డెల్టా గ్రామాల్లో రైతులు, కూలీలు, చేతిపనుల వాళ్ళు ఎట్లా బతుకుతున్నారో పరిశీలించి 1926లోనే ఇంగ్లీషులో పుస్తకం వేశారు. రాజకీయాల్లో రైతు తరఫున మాట్లాడడానికి ముందే ఆయన ఊళ్ళ లెక్కలు పట్టుకొని కూర్చున్నారన్న మాట.

స్వాతంత్ర్యం వచ్చాక చాలా పెద్ద సర్వే ఒకటి జరిగింది. 1951-52లో రిజర్వు బ్యాంకు దేశమంతటా 75 జిల్లాల్లో 600 ఊళ్ళలో "మీకు అప్పు ఎవరిస్తున్నారు?" అని అడిగించింది. గోర్వాలా గారి కమిటీ 1954లో రిపోర్టు ఇచ్చింది. అందులో తేలిన సంగతి ఇది. రైతు చేసే అప్పులో నూటికి సుమారు 70 రూపాయలు వడ్డీ వ్యాపారుల దగ్గర నుంచే వస్తున్నాయి. సహకార సంఘాల నుంచి వస్తున్నది నూటికి 3 రూపాయలు. బ్యాంకుల నుంచి వస్తున్నది ఒక్క రూపాయి కూడా లేదు. ఈ సంగతి ఊళ్ళల్లో అందరికీ తెలిసిందే. కానీ తెలియడం వేరు, ఢిల్లీలో కాగితం మీద అంకెగా నిలబడటం వేరు. ఆ రిపోర్టు చెప్పినందువల్లే 1955 జులై 1న ఇంపీరియల్ బ్యాంకును ప్రభుత్వం తీసుకొని స్టేట్ బ్యాంకుగా మార్చి, పల్లె పట్టణాల్లో శాఖలు తెరిపించింది. ఈ రోజు మనం పొదుపు ఖాతా పుస్తకం పట్టుకొని బ్యాంకు మెట్లు ఎక్కుతున్నామంటే, దాని వెనుక ఆ 600 ఊళ్ళలో "షావుకారు దగ్గర ఇంత తెచ్చాను" అని దాచకుండా చెప్పిన మనుషులు ఉన్నారు.

అయితే ఆ సర్వే లెక్క కుటుంబానికి ఒకటి. కుటుంబం అంటే ఇంటి యజమాని. ఆయన భార్య పక్కింటి వాళ్ళ దగ్గర తెచ్చిన చేబదులు, అమ్మిన ముక్కుపుడక, దాచిన పోపుడబ్బా డబ్బులు ఏ లెక్కలోకి వచ్చి ఉంటాయో మీరే ఆలోచించండి. ఈ సంగతి మళ్ళీ చెప్తాను.

శామీర్‌పేట

అదే రోజుల్లో, 1951-52లో, హైదరాబాదుకు దగ్గరున్న శామీర్‌పేట అనే ఊరికి ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ళు ఒక బృందంగా వెళ్ళారు. నడిపించింది ఎస్.సి. దూబే గారు. డాక్టర్లు, వ్యవసాయం తెలిసినవాళ్ళు, పశువైద్యం తెలిసినవాళ్ళు కూడా ఆ బృందంలో ఉన్నారు. ఊళ్ళో ఏ కులం వాళ్ళు ఏ పని చేస్తారు, పెళ్ళిళ్ళు ఎట్లా జరుగుతాయి, జబ్బు చేస్తే ఎవరి దగ్గరికి పోతారు, పంచాయితీలు ఎట్లా తీరుతాయి అని అన్నీ రాసుకున్నారు. 1955లో అది ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. మన దేశంలో ఒక ఊరి బతుకును మొత్తంగా చూపిన తొలి పుస్తకాల్లో అది ఒకటని చెప్తారు. దేశదేశాల విద్యార్థులు ఒక తెలుగు ఊరి గురించి చదువుకున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. శామీర్‌పేట వాళ్ళలో ఎంతమంది ఆ పుస్తకం చదివి ఉంటారు? ఇంగ్లీషు పుస్తకం, అప్పట్లో చదువులు తక్కువ. తీసుకెళ్ళిన మాట మళ్ళీ ఊరికి తిరిగి రావడమన్నది ఈ పరిశోధనల్లో మొదటి నుంచీ ఉన్న వెలితి.

నాణెం ఎగరేసి తెలుసుకున్న నిజం

1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ సంస్థ వచ్చింది. మెట్ట పంటల మీద పరిశోధన దాని పని. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ కొత్త రకాలు తీస్తారు. కానీ మంచి విత్తనం ఇచ్చినా కొందరు రైతులు ఎందుకు వేయట్లేదు అన్నది విత్తనంలో వెతికితే దొరికే జవాబు కాదు, మనుషుల్ని అడగాలి. అందుకని 1975లో ఆరు ఊళ్ళు ఎంచుకున్నారు. రెండు మన తెలుగు ఊళ్ళు, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు. నాలుగు మహారాష్ట్రవి. ఒక్కో ఊళ్ళో 40 కుటుంబాలు. చిన్న రైతులు 10, మధ్య రైతులు 10, పెద్ద రైతులు 10, భూమి లేని కూలీలు 10. అడిగేవాళ్ళు ఒక రోజు వచ్చి పోలేదు. ఊళ్ళోనే కాపురం ఉండి, మూడు నాలుగు వారాలకు ఒకసారి ప్రతి ఇంటికీ వెళ్ళి కూలి ఎంత, తిండి ఎంత, ఎరువు ఎంత, అప్పు ఎంత అని పదేళ్ళు రాశారు.

ఊరంతా అడగకుండా 40 ఇళ్ళే ఎందుకు అని మీకు అనిపించవచ్చు. మిర్చి యార్డులో టిక్కీ మొత్తం గుమ్మరించి చూడరు కదా, మచ్చు తీస్తారు. ఇదీ అంతే. కానీ మచ్చు పైనుంచి మాత్రమే తీస్తే పైన మంచికాయ, కింద తాలుకాయ ఉన్న సంగతి బయటపడదు. అందుకే పెద్ద రైతును, చిన్న రైతును, భూమి లేని వాళ్ళను సమానంగా తీసుకున్నారు. సర్వే వాళ్ళు రోడ్డు పక్క మేడ ఇళ్ళకే పోయి, మాలపల్లెకు, మాదిగపల్లెకు, ఎస్టీ కాలనీకి పోకపోతే ఆ మచ్చు తప్పుడు మచ్చు. ఇది మనం గమనించి అడగాల్సిన మాట.

ఈ ఊళ్ళలో హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆయన ఒక చిత్రమైన పని చేశారు. రైతు భయస్తుడా, తెగువ ఉన్నవాడా అని నోటితో అడిగితే సరైన జవాబు రాదు. అందుకని నిజం డబ్బుతో ఆట పెట్టారు. నాణెం ఎగరేస్తారు. బొమ్మ పడ్డా బొరుసు పడ్డా 50 రూపాయలు ఖాయంగా కావాలా, లేక ఒక వైపు పడితే 200, ఇంకో వైపు పడితే సున్నా కావాలా? ఈ రెండింటి మధ్య ఇంకా కొన్ని మెట్లు. ఏది కావాలో ఎంచుకోమన్నారు. ఆ రోజుల్లో 50 రూపాయలంటే ఎన్నో రోజుల కూలి. 1980లో ఆయన ప్రకటించిన ఫలితం ఏమిటంటే, డబ్బు పెద్దదైనప్పుడు ఎక్కువమంది మధ్యరకంగా జాగ్రత్తపడ్డారు. అందులో పేదవాళ్ళకూ ఉన్నవాళ్ళకూ పెద్ద తేడా లేదు. అంటే పేదరైతు కొత్త పంటకు డబ్బు పెట్టకపోవడం అతని గుణం వల్ల కాదు. ఉన్నవాళ్ళకు దొరికే అప్పు, అవకాశం అతనికి దొరకకపోవడం వల్ల. "వాళ్ళకు తెగువ లేదండీ, ఎప్పటికీ అంతే" అని పేదల గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్ళకు ఇది జవాబు. మన సంఘాలు పుట్టింది కూడా ఈ అప్పు దొరకని చోటే.

అవే లెక్కలు పట్టుకొని రాబర్ట్ టౌన్‌సెండ్ అనే ఆర్థికవేత్త 1994లో ఇంకో సంగతి చెప్పారు. ఔరేపల్లి లాంటి ఊళ్ళలో ఒక ఇంటికి పంట పోయినా ఆ ఇంటి తిండి అంతగా పడిపోవట్లేదు. చేబదుళ్ళు, సాయాలు, దాచుకున్న గింజలతో ఊరు ఊరంతా కలిసి మోస్తోంది. కానీ ఒక ఊళ్ళో భూమి లేనివాళ్ళకు మాత్రం ఆ ఆసరా తక్కువగా ఉందని కూడా ఆ లెక్కల్లోనే కనిపించింది. ఇది మన సంఘాలకు పాఠం. మన అంతర్గత అప్పు ఎవరికి ముందు వెళ్తోంది? భూమి ఉన్న సభ్యురాలికా, లేని సభ్యురాలికా? పుస్తకం తీసి చూసుకుంటే తెలుస్తుంది.

ఈ ఊళ్ళ సర్వే తర్వాత ఇంకా విస్తరించింది. 2009 తర్వాత అప్పటి మన ప్రకాశం జిల్లా నుంచి కూడా రెండు ఊళ్ళను చేర్చారు, పమిడిపాడు, జె.సి. అగ్రహారం. మన దిక్కున సాగు, కూలి, తిండి ఎట్లా ఉన్నాయో ఆ ఊళ్ళ ఇళ్ళ నుంచి ప్రపంచంలోని పరిశోధకుల దాకా వెళ్ళింది. మనకు దగ్గరలోనే ఇది జరిగిందని మనలో చాలామందికి తెలియదు.

మన సంఘం కూడా ఒక పరిశోధన బిడ్డే

1970 దాకా మన దర్శి నెల్లూరు జిల్లాలోదే. అందుకే దూబగుంట కథ మనకు దూరపుది కాదు. 1990 తర్వాత నెల్లూరు జిల్లాలో రాత్రిబడులు పెట్టారు. చదువుకునే పుస్తకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది, సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళ కథ. 1992లో దూబగుంట ఆడవాళ్ళు రోశమ్మ గారితో పాటు నిజంగానే సారాకు అడ్డం నిలబడ్డారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ సారాకు పోయే రూపాయిని దాచుకుందామని నెల్లూరు జిల్లాలో పొదుపులక్ష్మి సంఘాలు లేచాయి. చదువు నేర్పితే ఆడవాళ్ళు సంతకం పెడతారు అని అనుకున్నారు. వాళ్ళు దుకాణం మూయించారు. దీని మీద చాలామంది పరిశోధకులు వచ్చి రాశారు, ఎందుకంటే పుస్తకం పాఠానికి ఇంత శక్తి ఉంటుందని ఎవరూ ముందుగా లెక్క వేయలేదు.

ఇంకో దారి కూడా ఉంది. బంగ్లాదేశ్‌లో చిట్టగాంగ్ యూనివర్సిటీలో పాఠం చెప్పే మహమ్మద్ యూనస్ గారు 1976లో పక్కనున్న జోబ్రా అనే ఊళ్ళో బీదవాళ్ళను అడిగారు, మీకు ఎంత అప్పు ఉంది అని. 42 మందికి కలిపి ఉన్న అప్పు 27 డాలర్లు. అంత చిన్న మొత్తం కోసం వాళ్ళు దళారుల చేతిలో ఇరుక్కున్నారని తెలిసి గ్రామీణ బ్యాంకు మొదలైంది. 2006లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన దేశంలో కర్ణాటకలోని మైరాడా అనే సంస్థ చిన్న చిన్న సంఘాలను నడిపి చూస్తుంటే, 1987లో నాబార్డు వాళ్ళకు పరిశోధన కోసం డబ్బు ఇచ్చింది. తాకట్టు లేని, చదువు రాని ఆడవాళ్ళు తమలో తాము పొదుపు చేసుకొని, తమలో తామే అప్పు ఇచ్చుకొని, తిరిగి కట్టగలరా అన్నదే ప్రశ్న. కట్టగలరని తేలాక 1992లో నాబార్డు 500 సంఘాలతో బ్యాంకు లింకేజీని పరీక్షగా మొదలుపెట్టింది. ఇవాళ మనం బ్యాంకుకెళ్ళి మాట్లాడే లింకేజీ మొదట ఒక ప్రయోగం. ఆ 500 సంఘాల వాళ్ళు పుస్తకాలు సరిగ్గా రాయకపోతే, వాయిదాలు కట్టకపోతే, "పేద ఆడవాళ్ళకు అప్పు ఇవ్వడం కుదరదు" అని ఒక్క రిపోర్టుతో కథ ముగిసిపోయి ఉండేది.

మన రాష్ట్రంలో 2000లో ఆరు జిల్లాల్లో వెలుగు మొదలై తర్వాత అంతటా వచ్చింది. ఊళ్ళో పేదలు ఎవరని అప్పట్లో ఆఫీసులో కూర్చొని తేల్చలేదు. నడివీధిలో ముగ్గుపిండితో ఊరి పటం వేసి, ఏ ఇల్లు ఎవరిది, ఎవరికి భూమి ఉంది, ఎవరు వలస పోతారు అని ఊరివాళ్ళే చెప్పేవాళ్ళు. మన పెద్ద సభ్యులకు ఇది గుర్తుండే ఉంటుంది. ఈ పద్ధతిని ప్రపంచమంతటా ప్రచారం చేసిన వాళ్ళలో రాబర్ట్ ఛాంబర్స్ ఒకరు. ఆయన కొంతకాలం హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీలో ఉండి పనిచేశారు. అడిగేవాడు పైన, చెప్పేవాడు కింద అన్నట్టు ఉండకూడదు, కర్ర చెప్పేవాళ్ళ చేతికే ఇవ్వాలి అన్నది దాని సారం. ముగ్గు వేయడం మనకు ఒకరు నేర్పాల్సిన పనా? అందుకే ఆ పద్ధతిలో మన ఆడవాళ్ళు అంత చురుగ్గా మాట్లాడారు.

అప్పు ఒక్కటే చాలా?

2005 తర్వాత హైదరాబాదులో ఇంకో రకం పరిశోధన జరిగింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ళతో పాటు మరి ఇద్దరు ఈ పని చేశారు. చిన్న అప్పులు ఇస్తే పేదరికం పోతుందా అన్నది ప్రశ్న. మనం మిరప చేలో కొత్త మందు పనిచేస్తుందో లేదో చూడాలంటే సగం చేనుకు కొట్టి సగం వదిలేస్తాం కదా. వాళ్ళు కూడా 104 బస్తీలు తీసుకొని, చీటీలు తీసినట్టుగా 52 బస్తీలను ఎంచి, అక్కడ ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ ముందు శాఖలు తెరిచేటట్టు చూశారు. మిగతా సగానికి ఆ సంస్థ ఆ తర్వాతే వెళ్ళింది. చీటీ తీయడం ఎందుకంటే, బాగున్న బస్తీలనే ఎంచుకొని "చూడండి ఎంత బాగుపడ్డారో" అని చెప్పుకునే వీలు లేకుండా.

ఫలితం 2015లో పత్రికలో వచ్చింది. అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ళు కొంత పెంచుకున్నారు. ఇంట్లోకి కావలసిన వస్తువులు కొన్నారు, వృథా ఖర్చులు కొంత తగ్గాయి. కానీ పిల్లల చదువులో, ఆరోగ్యంలో, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లడంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఈ రకం పరిశోధనలకే బెనర్జీకి, డఫ్లోకు, మైఖేల్ క్రెమర్‌కు 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఇక ఊళ్ళల్లో వారం వారం వసూళ్ళు, ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు పెరిగిపోయి 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ మీద ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. ఆ బాధ మనలో కొందరికి స్వయంగా తెలుసు.

అదే కాలంలో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు క్లాస్ డైనింగర్, యాన్యాన్ లియూ మన రాష్ట్రంలోని పొదుపు సంఘాల మీద చేసిన అధ్యయనం 2009లో వచ్చింది. సంఘాల కార్యక్రమం ఎక్కువ కాలం నడిచిన చోట్ల తిండి, పోషణ, ఆస్తి మెరుగుపడ్డాయని అందులో ఉంది. రెండూ వేరు వేరు చోట్ల, వేరు వేరు పద్ధతుల్లో చేసినవి కాబట్టి ఇది గెలిచింది అది ఓడింది అని అనకూడదు. నాకు అర్థమైనంత వరకు ఇది మనం ఆలోచించుకోవాల్సిన మాట. చేతిలో అప్పు పడినంత మాత్రాన ఆడమనిషికి ఇంట్లో మాట రాదు. వారం వారం కూర్చోవడం, పేరు పెట్టి పిలిచి మాట్లాడించడం, తీర్మానం రాయడం, బ్యాంకు మేనేజరుతో నిలబడి మాట్లాడటం, ఇవన్నీ కలిస్తేనే వస్తుంది. సమావేశం లేకుండా అప్పు మాత్రం పంచుకునే సంఘం పేరుకే సంఘం. అది ఒక వసూలు కేంద్రం అవుతుంది.

లెక్కలోకి రాని పని

ఇప్పుడు ముందు ఆపిన సంగతికి వస్తాను. అన్ని లెక్కల్లోనూ ఆడవాళ్ళు ఎక్కడ?

1971లో కేంద్ర ప్రభుత్వం మహిళల స్థితి తెలుసుకోవడానికి కమిటీ వేసింది. ఫుల్‌రేణు గుహా గారు అధ్యక్షురాలు, వీణా మజుందార్ గారు కార్యదర్శి. 1974 చివర ఇచ్చిన రిపోర్టు చదివి దేశం ఉలిక్కిపడింది. 1901లో వెయ్యి మంది మగవాళ్ళకు 972 మంది ఆడవాళ్ళు ఉంటే, 1971 నాటికి 930 మందే ఉన్నారు. స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయినా ఆడవాళ్ళ పరిస్థితి చాలా విషయాల్లో వెనక్కి పోయిందని ఆ రిపోర్టు చెప్పింది. ఆ తర్వాతే ఆడవాళ్ళ గురించి ఆడవాళ్ళే పరిశోధన చేయడం గట్టిగా మొదలైంది. హైదరాబాదులో 1985లో అన్వేషి అనే కేంద్రం వచ్చింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పనిచేసిన ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే చెప్పించుకొని 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అని తెలుగులోనే పుస్తకం వేశారు. శామీర్‌పేటకు తిరిగిరాని మాట ఇక్కడ తిరిగి వచ్చింది.

జనాభా లెక్కల్లో జరిగిన ఒక చిన్న మార్పు చూడండి. "పని చేస్తారా?" అని అడిగితే మన ఆడవాళ్ళు ఏం చెప్తారు? పొద్దున్నే లేచి గొడ్లకు మేత వేసి, పాలు పిండి, వంట చేసి, మిరపకాయ కోతకు పోయి, సాయంత్రం కల్లంలో తాలుకాయ ఏరి వచ్చిన మనిషి కూడా "నేనేం చేస్తానండీ, ఇంటికాడే ఉంటా" అంటుంది. మా సంఘంలో ఇట్లా చెప్పినవాళ్ళను నేను చూశాను. ఆ ఒక్క మాటతో ఆమె "పని చేయనివారు" అనే గడిలో పడుతుంది. ఈ లోపాన్ని పరిశోధకులు, మహిళా సంఘాలు గట్టిగా ఎత్తిచూపాక, 1991 జనాభా లెక్కల్లో ప్రశ్నకు కొన్ని మాటలు చేర్చారు. పొలంలో గానీ ఇంటి వ్యాపారంలో గానీ కూలి లేకుండా చేసే పని కూడా పనే అని. 2001లో ఇంటి వాడకం కోసం పాడి చూసుకోవడాన్ని కూడా పనిగా లెక్కించారు. ప్రశ్నలో నాలుగు మాటలు మారితే మనిషి లెక్కలోకి వస్తుంది.

2019లో కేంద్ర గణాంక శాఖ దేశమంతటా ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారని అడిగింది. కూలి లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళ సగటు రోజుకు 299 నిమిషాలు. మగవాళ్ళ సగటు 97 నిమిషాలు. 299 అంటే దాదాపు ఐదు గంటలు. దీని తర్వాతే పొలం పని, కూలి పని, సంఘం పని. మీటింగుకు ఆలస్యంగా వచ్చిన సభ్యురాలికి జరిమానా వేసే ముందు ఈ అంకె ఒకసారి గుర్తు చేసుకుందాం.

మనం ఏం చేయాలి

వచ్చే జనాభా లెక్కలకు 2027 మార్చి 1ని లెక్క తేదీగా కేంద్రం ప్రకటించింది. 2011 తర్వాత ఇన్నేళ్ళకు జరుగుతున్న లెక్క ఇది. కులం వివరాలు కూడా అడుగుతామన్నారు. మన గడపలోకి వస్తారు. అందుకే ఈ వ్యాసం ఇప్పుడు రాశాను. గ్రామ సంఘాల్లో ఈ కింది సంగతులు మాట్లాడుకోవాలని కోరుతున్నాను.

మొదటిది, ఎవరు ఏ పని మీద వచ్చారో తేడా తెలుసుకోవాలి. రేషన్, పింఛను అర్హత చూడటానికి వచ్చేది వేరు. జనాభా లెక్కలు వేరు. యూనివర్సిటీ వాళ్ళో, పరిశోధన సంస్థల వాళ్ళో వచ్చేది వేరు. 1948 సెన్సస్ చట్టం ప్రకారం మనం చెప్పిన ఇంటి వివరాలు రహస్యంగా ఉంచాలి, వాటిని ఎవరికి పడితే వాళ్ళకు చూపకూడదు. కాబట్టి జనాభా లెక్కల వాళ్ళకు నిజం చెప్పడానికి భయం అక్కర్లేదు.

రెండోది, పరిశోధన కోసం వచ్చామన్న వాళ్ళను నాలుగు మాటలు అడగాలి. మీరు ఏ సంస్థ నుంచి, గుర్తింపు కార్డు ఉందా? ఈ సర్వే దేనికి? నేను ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండవచ్చా? ఫలితం మా గ్రామ సంఘానికి తెలుగులో ఎప్పుడు చెప్తారు? నిజమైన పరిశోధకులు ఈ ప్రశ్నలకు కోప్పడరు. మన అనుమతి తీసుకోవడం వాళ్ళ పద్ధతిలోనే ఉంది. ఆధార్ నంబరు, ఫోనుకు వచ్చిన ఓటీపీ, బ్యాంకు పాస్‌వర్డు అడిగితే మాత్రం అది సర్వే కాదు. వెంటనే పంపించేయండి, వీఓఏకు చెప్పండి.

మూడోది, "ఏం పని చేస్తారు?" అంటే మన పని పేరు పెట్టి చెప్పాలి. పత్తి తీస్తా, మిరపకాయ కోస్తా, గేదెలు చూస్తా, కుట్టు మిషను ఉంది, కౌలు చేనులో పనిచేస్తా అని. ఇంటాయన పక్కన నిలబడి జవాబు చెప్తుంటే "నన్ను కూడా అడగండి" అనాలి. ముఖ్యంగా ఒంటరి మహిళలు, కౌలుకు చేసే ఆడవాళ్ళు తమ సాగును తమ పేరు మీదే చెప్పాలి.

నాలుగోది, మన పుస్తకాలు. మినిట్స్ పుస్తకం, పొదుపు పుస్తకం, అప్పు పుస్తకం కూడా పరిశోధనే. పదేళ్ళు సరిగ్గా రాసిన సంఘం పుస్తకంలో ఎవరింటికి ఎప్పుడు ఆపద వచ్చింది, మిరప ధర పడిపోయిన ఏడు వాయిదాలు ఎట్లా తప్పాయి, పాప చదువుకు ఎంత అప్పు తీసుకున్నారు అన్నీ ఉంటాయి. ఇక్రిశాట్ వాళ్ళు పదేళ్ళు 40 ఇళ్ళకు తిరిగి రాసింది మన సంఘంలో పది, పదిహేను ఇళ్ళకు మనమే రాసుకుంటున్నాం. మీటింగు జరగకుండా జరిగినట్టు, వచ్చినవాళ్ళు రానివాళ్ళు కలిపి ఒకేసారి సంతకాలు పెట్టించుకుంటే మచ్చులో తాలుకాయ కలిపినట్టే. ఆ లెక్క చూసి పైన వేసే పథకం మనకు సరిపోదు.

ఈ ఏడాది నుంచి ప్రతి గ్రామ సంఘం మినిట్స్ పుస్తకంలో చివర నాలుగు పేజీలు విడిగా పెట్టి, ఊళ్ళోకి ఏ సర్వే వచ్చింది, ఎవరు చేశారు, ఎవరిళ్ళకు పోయారు, ఎవరిళ్ళకు పోలేదు, ఫలితం చెప్తామన్నారా లేదా అని రాసి పెడదాం. వచ్చే వార్షిక సమావేశంలో అన్ని సంఘాల పేజీలు ఒకచోట పెట్టి చూస్తే, మనల్ని అడిగినవాళ్ళ సంగతి మనకు తెలుస్తుంది. తిరిగి ఏమీ చెప్పనివాళ్ళకు సమాఖ్య తరఫున ఉత్తరం రాద్దాం. ఇందుకు తీర్మానం చేయాలని నా సభ్యులందరి తరఫున కోరుతున్నాను.